దిండు గలీబులు పగిలే ఇల్లు

ఇళ్లకు పొట్లాలు చేరవేసే కంపెనీ షెడ్డులో అందరూ అతన్ని బెల్లు అని పిలిచేవారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదని వేరే చెప్పాలా? మనుషుల తలుపుల ముందు నిలబడి కాలింగ్ బెల్లు నొక్కే ఉద్యోగం ఆ కంపెనీ మొత్తంలో అతనొక్కడికే మిగిలింది కాబట్టి ఎవడో సరదాకి అన్నాడు, అది కాస్తా అతుక్కుపోయింది. యాభై రెండేళ్ల మనిషిని పట్టుకుని ఈ వెటకారమేమిటని మొదట్లో విసుక్కున్నాడు గానీ, తర్వాత్తర్వాత పిలిస్తే పలకడం అలవాటు చేసుకున్నాడు. పిలిచేవాళ్లే తక్కువైనప్పుడు మనిషి పేరు దగ్గర పట్టింపులకు పోడు.

పదకొండేళ్ల కిందట అతను చేరినప్పుడు సంగతి వేరు. ముప్పై ఆరుగురు పొద్దున్నే స్కూటర్లేసుకుని షెడ్డు ముందు బారులు తీరేవాళ్లు. ఒక్కొక్కరికీ రోజుకు నూటపాతిక తలుపులు. ఏ ఇంటి బెల్లు నొక్కితే షాకు కొడుతుందో, ఏ ఇంటి కుక్క ఉత్తినే అరుస్తుందో, ఏది అరవకుండా వచ్చి కరుస్తుందో, ఏ లిఫ్టు మూడో అంతస్తు దగ్గర అలుగుతుందో అన్నీ అతనికి కంఠతా వచ్చు. ఎండకు ఎండి, వానకు తడిసి, ఇదేం బతుకురా దేవుడా అని రోజుకు పదిసార్లు అనుకునేవాడు.

ఆ తర్వాత తుమ్మెదలొచ్చాయి. కాగితాల మీద వాటిని డ్రోన్లంటారు గానీ, ఆ రొద విన్నవాళ్లెవరూ వాటిని అంత మర్యాదగా పిలవరు. మొదట మందులు మాత్రమే మోసేవి. మరుసటి ఏడు చెప్పులు, సబ్బులు, పుస్తకాలు. ఆ పై ఏడు దుప్పట్లు కూడా. షెడ్డు పైకప్పు తీసేసి వాటికోసం వరసగా అరలు కట్టారు. తుమ్మెద అక్కణ్ణించి లేచి, ఎర్ర లైటూ లేదు, లిఫ్టూ లేదు, కుక్కా లేదు, నేరుగా వెళ్లి బాల్కనీకి బిగించిన స్టీలు పళ్లెంలోకి తాడుతో పొట్లం దించేసి తన దారిన తను వచ్చేసేది. దానికి దాహం వెయ్యదు, నడుం నొప్పి రాదు, జీతం పెంచమని అడగదు. ముప్పై ఆరుగురు పన్నెండు మందయ్యారు. పన్నెండు మంది నలుగురయ్యారు. ఆ నలుగురిలో ముగ్గురు వేరే దారి చూసుకున్నారు.

మిగిలినవాడు ఎందుకు మిగిలాడంటే, తుమ్మెదకి ఇవ్వడమే వచ్చు, పుచ్చుకోవడం రాదు. తెచ్చిన చొక్కా వద్దనుకుని తిరిగి పంపాలనుకోండి, దాన్ని ఎవరో ఒకరు విప్పి చూడాలి. ట్యాగు ఉందో లేదో, మరక పడిందో లేదో, ఫోటోలో ఉన్నదీ ఇదీ ఒకటేనో కాదో తేల్చాలి. ఎందుకు వద్దంటున్నారని అడిగి, చెప్పిన జవాబుని ఫోనులో ఉన్న ఆరు కారణాల్లో ఒకదాని కింద నొక్కాలి. ఇది మనిషి చెయ్యాల్సిన పనేనని కంపెనీ కూడా ఒప్పుకుంది. అలా రిటర్నులు తీసుకునే పని అతని పాలబడింది. రోజుకు ఎనిమిదో తొమ్మిదో తలుపులు, అంతే.

నూటపాతిక తలుపుల రోజుల్లో ఒక్కో తలుపు దగ్గరా ఒక్కో మాట దొరికేది. నిన్న రావాలి కదండీ అని ఒకరు, ఇంత పెద్ద డబ్బాలో ఇంతేనా అని ఒకరు, కాస్త ఈ సీసా మూత తీసిపెట్టి వెళ్లవూ అని ఒకరు. సాయంత్రానికి చెవులు నిండిపోయి, ఇంట్లో ఎవరైనా పలకరిస్తే కసురుకునేవాడు. ఇప్పుడు కసురుకుందామన్నా పలకరించేవాళ్లు లేరు.

అలాగని అయినవాళ్లు లేరా అంటే, ఉన్నారు. అక్క ఇంట్లో మేడ మీద గదిలో ఉంటాడు. ఎప్పుడో అతనికి పెళ్లయింది, రెండేళ్లు నడిచింది, ఆగిపోయింది. అందులో ఎవరి తప్పూ పెద్దగా లేదు. ఓ ఆర్నెల్లు ఇక్కడే ఉండరా అని అక్క అంది. ఆ ఆర్నెల్లు ఇరవై ఏళ్లయ్యాయి. బావ పక్షవాతంతో మంచాన పడిన మనిషేం కాదు, లక్షణంగా ఉన్నాడు, కాకపోతే ఆయన మాట్లాడేదంతా టీవీలో వార్తలు చదివేవాళ్లతోనే. అక్క కంచంలో వడ్డించి, ఫోను చెవికానించుకుని ఆడపడుచుతో మాట్లాడుతూ వంటింట్లోకి వెళ్లిపోతుంది. మేనకోడలు అదే కంపెనీలో తుమ్మెదలను నడిపే గదిలో పనిచేస్తుంది. చెవులకు తగిలించుకున్న హెడ్‌ఫోన్లు అన్నం తినేటప్పుడు కూడా తియ్యదు. నలుగురూ మంచివాళ్లే. నలుగురూ ఒకే ఇంట్లో ఉంటారు. అతను పొద్దున్న గది తలుపు వేసుకుని మెట్లు దిగి, రాత్రి మెట్లెక్కి తలుపు తీసుకునేలోగా, నీకెలా ఉందిరా అని అడిగిన నోరు ఉండేది కాదు.

అలాంటి రోజుల్లో ఒక మంగళవారం అతని జాబితాలోకి నాలుగో అంతస్తు ఆవిడ వచ్చింది.

అరవై దాటిన మనిషి. నెరిసిన జుట్టు బిగించి ముడేసుకుంది, కళ్లజోడు దారంతో మెడలో వేలాడుతోంది. తిరిగి ఇచ్చేవి రెండు దిండు గలీబులు. కారణమేమిటండీ అని అడిగాడు. సైజు కుదర్లేదంది. అతను గుమ్మంలోనే నిలబడి పొట్లం విప్పబోతే ఆవిడ లోపల్నించి ఒక స్టూలు తెచ్చి వేసింది.

"నిలబడి ఏం చూస్తారు, కూర్చుని చూడండి. తర్వాత మరక ఉందని నా మీదకి రాకూడదు."

కూర్చుని చూశాడు. గలీబులు విప్పిన ఆనవాలు కూడా లేకుండా మడతపెట్టి ఉన్నాయి. ఆవిడ మంచినీళ్లిచ్చింది. కింద రోడ్డు తవ్వుతున్నారట కదా, పూడ్చారా అని అడిగింది. పూడ్చారు, మళ్లీ తవ్వారు అన్నాడతను. ఆవిడ నవ్వింది. అతని మాటకి ఎవరైనా నవ్వి ఎంతకాలమైందో మెట్లు దిగుతూ లెక్కేసుకోబోయి మానేశాడు.

శుక్రవారం మళ్లీ ఆవిడ పేరే. ఈసారి స్వెట్టరు, సైజు కుదర్లేదు. తర్వాతి మంగళవారం తలుపు తెర, అదీ కుదర్లేదు. ప్రతిసారీ స్టూలు, మంచినీళ్లు, పది నిమిషాల కబుర్లు. మూల మీద బట్టలు కుట్టే దుకాణం ఇంకా ఉందా అని అడిగేది. మీ తుమ్మెదలకి జలుబు చేస్తుందా, ఈ మధ్య ఒకటి నా బాల్కనీలో తుమ్మినట్టయింది అనేది. అతను వారమంతా ఆవిడకి చెప్పడానికని విషయాలు ఏరుకోవడం మొదలుపెట్టాడు. ఫలానా ఇంట్లో ఒకాయన తన సొంత చెప్పులనే డబ్బాలో పెట్టి రిటర్నిచ్చిన సంగతి నాలుగు రోజులు కడుపులో దాచుకుని, శుక్రవారం నాడు స్టూలు మీద కూర్చున్నాక గానీ బయటపెట్టలేదు.

నాలుగో వారం ఆవిడ అతన్ని ఎగాదిగా చూసి అంది.

"ఈ చొక్కా మీ కొలతకి కుట్టింది కాదు. ఎడమ భుజం అరంగుళం కిందికి జారింది."

"మీకెలా తెలుసండీ?"

"ముప్పై ఒక్కేళ్లు రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో కటింగ్ మాస్టర్ని. టేపు పట్టకుండా మనిషిని చూసి కొలతలు చెప్తాను. ఒక్కసారి తప్పితే చూపించమనండి ఎవరినైనా."

గర్వంగానే అంది. అని, అతని ఒళ్లో సైజు కుదరని నైటీ ఉందన్న సంగతి అప్పుడు గుర్తొచ్చినట్టుంది, టక్కున నోరు మూసుకుంది. అతను తల వంచుకుని ట్యాగు వంక రెండుసార్లు చూశాడు. చూపుతో కొలతలు తీసే మనిషికి వారానికి రెండుసార్లు సైజు తప్పుతోందంటే, ఆవిడ వస్తువులు పంపించడం లేదు, మనిషిని పిలిపించుకుంటోంది. అది అర్థమయ్యేసరికి అతను రెండో అంతస్తు మెట్ల మీద ఉన్నాడు. అక్కడే ఒక్క నిమిషం నిలబడిపోయాడు. తనని ఎవరో రమ్మంటున్నారు. ఆ మాట అతనికి ఎంత తీపిగా ఉందంటే, పైకి అనుకోవడానికి కూడా భయమేసింది.

ప్రేమా గీమా అని మీరు ముందే ఎగరకండి. అతన్నడిగినా చెప్పలేడు. మంగళ, శుక్రవారాలు గడ్డం నున్నగా గీసుకునేవాడు, నాకు తెలిసింది అంతవరకే.

రెండో నెల మొదట్లో అతని ఫోనులో ఆవిడ చిరునామా పక్కన పసుపు చుక్క వచ్చింది. అదేమిటో అతనికి తెలుసు. తిరిగి పంపడం అలవాటైన కస్టమర్లకి కంపెనీ పెట్టే చుక్క అది. ఇంకో రెండు రిటర్నులైతే చుక్క ఎర్రబడుతుంది, ఆ ఇంటికి రిటర్ను సదుపాయం తీసేస్తారు. తీసేస్తే అతనికి ఆ మెట్లెక్కే పని ఉండదు.

ఆ రోజు భోజనాల దగ్గర, ఏదో మాటవరసకన్నట్టు మేనకోడలిని కదిపాడు. రెండుసార్లు అడిగితే గానీ ఆ పిల్ల ఒక చెవి ఖాళీ చెయ్యలేదు.

"తప్పెవరిదో చూస్తుంది మావయ్యా సిస్టం. సైజు కుదర్లేదు, మనసు మారింది, ఇలాంటివి కస్టమరు ఖాతాలో పడతాయి. దారిలో దెబ్బతింది, వేరే వస్తువొచ్చింది, ఇవి మన ఖాతాలో పడతాయి. మన తప్పుకి వాళ్లకి చుక్కెందుకు పెడతాం? అయినా నువ్వెందుకడుగుతున్నావు?"

"ఊరికే," అన్నాడు.

మంగళవారం మళ్లీ దిండు గలీబులు. కారణం సైజు కుదరకపోవడమే. అతను ఫోను తీసి, ఆరు కారణాల మీదా ఒకసారి కళ్లు పోనిచ్చి, 'దారిలో దెబ్బతింది' మీద వేలు పెట్టాడు. పదకొండేళ్ల సర్వీసులో ఒక్క అబద్ధం నొక్కి ఎరగడు. దిండు గలీబు దెబ్బతినడమేమిట్రా నీ మొహం అని లోపల ఎవరో అననే అన్నారు. వేలు ఒక్క క్షణం ఆగింది. తర్వాత నొక్కేసింది. వారం తిరిగేసరికి పసుపు చుక్క పోయింది. ఆవిడకి మాత్రం ఈ సంగతి చెప్పలేదు. చెప్పాలంటే, మీరు అబద్ధమాడుతున్నారని నాకు తెలుసు అని కూడా చెప్పాలి. అంత ధైర్యం అతనికెక్కడిది?

ఆ తర్వాత అయిదు వారాలూ అతను మెట్లు దిగుతూ ఈల వేశాడంటే నమ్మండి. అక్క ఫోనులోంచి తల బయటపెట్టి, ఏమిట్రా సంగతి అన్నట్టు చూసి, మళ్లీ ఫోనులోకి వెళ్లిపోయింది. నాలుగో అంతస్తులో ఒక చిన్న వింత మాత్రం జరుగుతూ వచ్చింది. ఆవిడకొచ్చే పొట్లాలు లావెక్కసాగాయి.

"దిండు గలీబుని కూడా గాజు సామానులాగా ఇన్ని చుట్లు చుడుతున్నారేమిటండీ మీవాళ్లు?" అని ఆవిడ అట్ట మీద అట్ట విప్పుతూ నవ్వింది. "తుమ్మెద కూడా మరీ నెమ్మదిగా దిగుతోంది. నిన్న పొట్లం పళ్లెంలోకి చేరేలోగా నేను పాలు కాచుకొచ్చాను."

అతనూ నవ్వాడు. ఆ నవ్వులో ఆలోచన లేకపోవడమే అతని ఖర్మ. ఆ రోజు లేచి వెళ్తూ వెళ్తూ, గుమ్మం దాటాక, ఒక్కరేనా అండీ ఉండేది అని నోరు జారాడు. ఆవిడ మొహం చిన్నబోయింది.

"చెల్లెలుండేది. పోయి రెండేళ్లయింది," అని నెమ్మదిగా తలుపు వేసుకుంది.

తర్వాతి మంగళవారం జాబితాలో ఆవిడ చిరునామా లేదు. శుక్రవారం లేదు. ఆ పై మంగళవారమూ లేదు.

ఒంట్లో బాగోలేదేమో అనుకుని స్కూటరు ఆ వీధిన పోనిచ్చాడు. కింద నుంచి తలెత్తి చూస్తే, తుమ్మెద ఒకటి నాలుగో అంతస్తు బాల్కనీలోకి నింపాదిగా తాడు దించుతోంది. ఆవిడ చెయ్యి బయటికొచ్చి పొట్లం తీసుకుంది. అంటే మనిషి బాగానే ఉంది, వస్తువులూ తెప్పించుకుంటోంది, అతనే అక్కర్లేదు. అతని ప్రాణం ఉసూరుమంది. అడగకూడనిది అడిగావు కదరా, అడుసు తొక్కనేల కాలు కడగనేల అని తనని తానే తిట్టుకున్నాడు. ఆ ఒక్క ప్రశ్నని పన్నెండు రోజులు నమిలాడు. అలా కాకుండా ఎలా అడిగి ఉండాల్సింది, అసలు అడక్కుండా ఎలా దిగి ఉండాల్సింది అని ప్రతి మెట్టు మీదా మళ్లీ మళ్లీ దిగి చూసుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం నలుగురూ భోజనానికి కూర్చున్నారు. మేనకోడలు ఆ రోజు ఎందుకో హుషారుగా ఉంది.

"మా ఆఫీసులో ఒక జోకుంది తెలుసా అమ్మా. ఒక ఇంట్లో దిండు గలీబులు పగిలిపోతున్నాయి."

"గలీబులు పగలడమేమిటే?"

"అదే కదా. ఆ ఇంటికి ఏది పంపినా దెబ్బతింటోందట. స్వెట్టరు, తెర, ఏదైనా సరే. అక్కడ గాలి తిరుగుడెక్కువేమో అని సిస్టం అట్టలు పెంచి చూసింది, తుమ్మెదని మెల్లగా దింపి చూసింది. అయినా ఆగలేదు. ఇక లాభం లేదని ఆ చిరునామాకి రిటర్ను మనిషిని పంపడమే ఆపేసింది. పగిలిన చవక సామాను మోసుకొచ్చి ఏం చేసుకుంటాం? మీరే ఉంచుకోండి, ఇంకోటి పంపుతాం అని మెసేజి పెట్టేస్తుంది. ఆవిడ రిటర్ను పెట్టడం, మేము ఇంకోటి పంపడం, మళ్లీ ఆవిడ రిటర్ను పెట్టడం. మూడుసార్లు ఫోన్ కూడా చేసింది. నాకు వస్తువులొద్దు, తీసుకెళ్లడానికి మనిషిని పంపండి అంటుంది. ఊరికే వస్తుంటే వద్దనేవాళ్లుంటారా? మూడో రికార్డింగు పెట్టుకుని ఆఫీసంతా నవ్వాం."

బావ నవ్వాడు, అక్క నవ్వింది. అతను కలుపుతున్న అన్నం కలుపుతూనే ఉన్నాడు. కలపడానికి అందులో ఇంకేమీ లేదు. తన వేలితో తన కన్నే పొడుచుకున్నాడు. ఆవిడకి కోపం రాలేదు. ఆ రోజు తలుపు వేసుకున్నది అతన్ని వద్దనుకుని కాదు. మూడుసార్లు పిలిచింది. రమ్మని పిలుస్తుంటే, తను నొక్కిన ఆ వేలే అడ్డం నిలబడింది.

"ఆ ఇంటికి మళ్లీ మనిషిని పంపాలంటే ఏం చెయ్యాలి?" అని అడిగాడు.

"దెబ్బతినలేదని తేలాలి. తేలితే అలా నొక్కినవాడి ఉద్యోగం పోతుంది, ఆవిడ అకౌంటూ..." అంటూ ఆ పిల్ల ఆగిపోయింది. ఊళ్లో రిటర్నులు తీసుకునేది ఎందరని? మెల్లగా హెడ్‌ఫోన్లు తీసి కంచం పక్కన పెట్టింది.

చెయ్యి కడుక్కునే నెపంతో అతను పెరట్లోకి వెళ్తే వెనకాలే వచ్చింది.

"ఎందుకలా నొక్కావు మావయ్యా?"

"పసుపు చుక్క పడింది. ఆవిడకి రిటర్నులు ఆపేస్తారని."

"ఆపేస్తే ఏమైంది?"

అతను కొళాయి కట్టేసి, అది కారకుండా మళ్లీ గట్టిగా బిగించాడు. ఆ పిల్ల తెలివితక్కువది కాదు. మొహం మారింది. "నేనెవరికీ చెప్పను. కావాలంటే నువ్వే ఒకసారి వెళ్లి కనబడరాదా?"

"ఏమని వెళ్లను? ఆర్డరు లేదుగా."

తమాషాకి అన్న మాట కాదది. పదకొండేళ్లలో లక్ష తలుపులు తట్టి ఉంటాడు. చేతిలో పొట్లం లేకుండా, ఫోనులో నంబరు లేకుండా ఒక్క తలుపూ తట్టలేదు.

గురువారం అతనికి సెలవు. పదకొండు గంటలకు ఆ ఇంటి గేటు దగ్గరున్నాడు. కంపెనీ కోటు వేసుకోలేదు, సంచి లేదు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. వాచ్‌మన్ ఏ ఆర్డరని అడిగాడు. ఆర్డరేం లేదన్నాడు. మరెందుకని అడిగాడు వాచ్‌మన్. చూడ్డానికి అన్నాడు. లిఫ్టు పనిచేస్తున్నా మెట్ల మీదుగానే వెళ్లాడు. నాలుగో అంతస్తు చేరాక, పిలవని పేరంటానికి వచ్చినవాడిలా కాసేపు అటూ ఇటూ చూసి, వెనక్కి దిగిపోదామని రెండు మెట్లు దిగి, మళ్లీ ఎక్కి, బెల్లు నొక్కాడు.

"ఎవరూ?" అంది లోపల్నించి.

"నేనండీ."

"నేనంటే?"

నిజమే, నేనంటే ఎవరు? "రిటర్నులు తీసుకునే అతన్నండీ," అన్నాడు.

గొళ్లెం తీసిన చప్పుడు ఎంత గబగబా అయిందో. ఆవిడ తలుపు బార్లా తెరిచి, లోపలికెళ్లి స్టూలు తెచ్చి వేసింది. అప్పుడు చూశాడతను. ముందు గదిలో గోడ పొడుగునా పొట్లాలు. ఒకే దిండు గలీబులు, ఒకే తెరలు, ఒకే స్వెట్టర్లు, అట్టల్లో అట్టలు, కిటికీ సగం మూసేసి.

"ఇదిగో చూడండి, ఎన్నిసార్లు వద్దన్నా మళ్లీ మళ్లీ పంపుతున్నారు," అంటూ ఆవిడ పై పొట్లం తెచ్చి అతని ఒళ్లో పెట్టింది. "మీరు మానేశారేమో అనుకున్నాను. ఎవరినడగాలో తెలీలేదు. ఫోన్ చేస్తే మనిషి మాట్లాడడు, మెషీను మాట్లాడుతుంది. పోన్లెండి, వచ్చారుగా. ఇవన్నీ చూడ్డానికి గంట పడుతుంది మీకు. కారణం మామూలే, సైజు."

ఆవిడ ఎదురుగా కూర్చుంది, కళ్లజోడు పెట్టుకుంది, సర్దుకుంది. గంట పడుతుందన్నప్పుడు ఆ గొంతులో ఉన్న సంతోషం అతని చెవిన పడకపోలేదు. నిజంగానే ఒక గంట నటించేద్దామా అనిపించింది. పొట్లం విప్పాడు. ట్యాగు చూశాడు. జేబులోకి చెయ్యి పోనిచ్చాడు. కంపెనీ ఫోను షెడ్డులో ఉంది.

"ఆర్డరు లేదండీ," అన్నాడు.

"ఏమిటీ?"

"నన్నెవరూ పంపలేదు. ఇవి తీసుకెళ్లడానికి రాలేదు, తీసుకెళ్లలేను కూడా. ఇదంతా నా మూలానే అయింది. మీకు రిటర్నులు ఆపేస్తారని, సైజు అని నొక్కకుండా దెబ్బతింది అని నొక్కాను. ప్రతిసారీ. దాంతో అసలు మనిషినే పంపడం మానేశారు."

ఆవిడకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. ముందు పౌరుషం వచ్చింది.

"నేనిచ్చినవి దెబ్బతిన్నాయని రాశారా? ఒక్క దారం లేవకుండా మడతపెట్టిచ్చానే."

"అవునండీ. చాలా బాగా మడతపెట్టారు."

"సైజు తప్పలేదని మీకు తెలుసు."

"తెలుసండీ."

"ఎప్పట్నించి?"

"నా భుజం చూసి అరంగుళం అన్నారే, ఆ రోజు నుంచి."

ఆవిడ కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది. కోప్పడుతుందని చూశాడు. కోప్పడలేదు. సిగ్గుతో మొహమంతా ఎర్రబడింది. అరవై ఏళ్ల మనిషి అలా సిగ్గుపడుతుంటే చూడలేక అతను పొట్లం వంక చూశాడు.

"అంటే ఇక మీకు ఇక్కడికి రావాల్సిన పనేమీ లేదన్నమాట," అంది.

"లేదండీ."

"మరి ఇవాళ ఎందుకొచ్చారు?"

"ఊరికే వచ్చాను."

ఆవిడకి కళ్లనీళ్లు తిరిగాయి. దాచుకోలేదు. "మా చెల్లెలు పోయాక ఈ గుమ్మంలోకి ఊరికే వచ్చినవాళ్లు లేరు," అంది. అని పమిట చెంగుతో తుడుచుకుంటూ అలాగే కూర్చుంది.

తలుపు తీశాక ఏం చెయ్యాలో అతనికి తెలుసు, తలుపు తీసినవాళ్లు ఏడిస్తే ఏం చెయ్యాలో ఎవరూ నేర్పలేదు. లేచి వెళ్లాలో, కూర్చోవాలో తెలియక కూర్చున్నాడు. అసలు ఇబ్బంది ఆ తర్వాత మొదలైంది. చూడ్డానికి ట్యాగు లేదు, నొక్కడానికి కారణం లేదు, పది నిమిషాల గడువు లేదు. ఉన్నట్టుండి ఇద్దరికీ మాటలు తడుముకోవాల్సి వచ్చింది. రోడ్డు పూడ్చారా అని ఆవిడ అడిగింది. పూడ్చారన్నాడు. ఆవిడ అన్నం పెట్టింది, తిన్నాడు. ఆవిడ పొట్లాల అట్టలు విప్పి మడిచి కట్ట కడుతుంటే తాడు పట్టుకున్నాడు. చెల్లెలికి ఏమైందని ఈసారి సరిగ్గా అడిగాడు. ఆవిడ చెప్పింది. చెప్పడానికి చాలాసేపు పట్టింది, మధ్యలో రెండుసార్లు ఆగింది. అతనూ ఎవరికీ చెప్పనిదొకటి చెప్పాడు. పెళ్లయిన రెండేళ్లకి భార్య వెళ్లిపోయిన రోజున, సాయంత్రం దాకా తలుపు తీసిపెట్టి కూర్చున్నానని.

సాయంత్రం ఆరయ్యేసరికి ఇల్లు చేరాడు. అక్క గుమ్మంలోనే ఉంది, చేతిలో ఫోను లేదు.

"సెలవు రోజు పొద్దుననగా పోయి ఇప్పుడా రావడం? మధ్యాహ్నం నీ కంచం అలాగే ఉంది. ఎక్కడికెళ్లావురా?"

"తెలిసినవాళ్లింటికి."

అక్క అతని మొహంలోకి చూసింది. వెటకారానికి కాదు, నిజంగానే తెలియక అడిగింది.

"నీకు తెలిసినవాళ్లెవరున్నార్రా?"

అతను చెప్పులు విడిచి, వాటిని గోడవారగా జరిపి పెట్టి, మెట్లెక్కకుండా అక్కడే గడప మీద కూర్చున్నాడు.

"ఒకరున్నారక్కా," అన్నాడు.